చెవిపోటు తగ్గింది, మరి చెవి?

చెవిపోటు ఎక్కువగా రాత్రిపూటే లేస్తుంది. పగలంతా ముక్కు కారుతూనే ఆడుకున్న రెండేళ్ల పిల్ల అర్ధరాత్రి దాటాక చెవి పట్టుకుని గుక్కపెట్టి ఏడుస్తుంది. భుజాన వేసుకుంటే కాస్త ఊరుకుంటుంది, పడుకోబెడితే మళ్లీ మొదలు. దిష్టి తగిలిందంటారొకరు, పాలు అరగలేదంటారొకరు, వెల్లుల్లి రెబ్బ వేసి నూనె కాచమంటారు ఇంకొకరు. భుజాన వేసుకుంటే ఊరుకోవడంలోనే అసలు సంగతి ఉంది. పడుకున్నప్పుడు తలలోని సిరల్లో రక్తం నిలిచి చెవి లోపలి పొరలు మరికాస్త ఉబ్బుతాయి. పైగా నిద్రలో మింగడం తగ్గుతుంది. మింగినప్పుడే తెరుచుకునే సన్నటి గొట్టం ఒకటి చెవికి ఉంది, అది మూసుకుపోయి ఉంటుంది. ఆ గొట్టం సంగతి తెలిస్తే చిన్నపిల్లల చెవిపోటు సగం అర్థమైనట్టే.

దానికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. చెవి విషయంలో నొప్పి నమ్మదగ్గ కొలత కాదు. ప్రాణం తోడేసేలా నొప్పి పెట్టిన చెవి చాలాసార్లు రెండు మూడు రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. నొప్పి ఊసే లేకుండా ఏళ్ల తరబడి కారే చెవి లోపల ఎముకను కొరికేస్తూ ఉండొచ్చు. ఒక్కోసారి నొప్పి చెవిలో ఉంటుంది, జబ్బు గొంతులో ఉంటుంది. నొప్పి ఉందని భయపడి చేసే పనులకంటే, నొప్పి లేదని మానేసే పనుల వల్లే మన దగ్గర ఎక్కువ చెవులు పాడవుతున్నాయని నా అభిప్రాయం.

చెవి రంధ్రం నుంచి లోపలికి వెళ్లే దారి పెద్దవాళ్లలో సుమారు రెండున్నర సెంటీమీటర్లు. దాని చివర అడ్డంగా కర్ణభేరి ఉంటుంది. అడ్డకొలత దాదాపు 9 మిల్లీమీటర్లు, మందం మిల్లీమీటరులో పదో వంతు. దాని వెనక గాలితో నిండిన చిన్న గది, అదే మధ్య చెవి. ఒకటి రెండు మిల్లీలీటర్లు పట్టే ఆ జాగాలోనే సుత్తి, దాగలి, అంకవన్నె ఆకారాల్లో మూడు బుల్లి ఎముకలు ఒకదానికొకటి ఆనుకుని శబ్దాన్ని లోపలి చెవికి అందిస్తాయి. మూడోది మూడు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే, మనిషి ఒంట్లో అన్నిటికంటే చిన్న ఎముక. ఈ గదికి గాలి వచ్చేది బయట నుంచి కాదు. ముక్కు వెనక భాగం నుంచి ఒక గొట్టం ద్వారా వస్తుంది. 16వ శతాబ్దంలో ఇటలీకి చెందిన బార్తొలొమియో యుస్తాకీ దాన్ని వర్ణించాడు కాబట్టి యూస్టేషియన్ నాళం అనే పేరు స్థిరపడింది. మామూలుగా మూసుకునే ఉంటుంది. మింగినప్పుడు, ఆవులించినప్పుడు అంగిటి కండరాలు లాగితే క్షణం తెరుచుకుంటుంది. విమానం దిగుతున్నప్పుడు చెవులు టప్పున తెరుచుకున్నట్టు అనిపించేది ఇదే.

పెద్దవాళ్లలో ఈ నాళం 36 మిల్లీమీటర్ల పొడవుతో ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల వాలులో ఉంటుంది. చంటిబిడ్డలో అందులో సగం పొడవే. పైగా ఇంచుమించు అడ్డంగా పడుకుని ఉంటుంది. జలుబు చేస్తే లోపలి పొర వాచి నాళం మూసుకుపోతుంది. మధ్య చెవిలో ఉన్న గాలిని చుట్టూ ఉన్న కణజాలం మెల్లగా పీల్చేసుకుంటుంది, కొత్త గాలి రాదు. అక్కడ ఒత్తిడి తగ్గి నీరు ఊరుతుంది. ముక్కులో, గొంతులో ఎప్పుడూ ఉండే బాక్టీరియా, ముఖ్యంగా న్యూమోకాకస్, హీమోఫిలస్, మొరాక్సెల్లా ఆ నీటిలోకి చేరి చీము పట్టిస్తాయి. చీము కర్ణభేరిని లోపలి నుంచి బయటికి నెడుతుంది. పోటు అదే. ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య పిల్లలకు ఇది ఎక్కువ. మూడో ఏడు నిండేలోపు ఎక్కువ మంది పిల్లలకు ఒక్కసారైనా వచ్చి పోతుంది.

అంటే స్నానం చేయిస్తుంటే చెవిలో నీళ్లు పోయి చీము పట్టిందని నానమ్మలు కోడళ్లను, అమ్మమ్మలు కూతుళ్లను తప్పుపట్టడం అన్యాయం. కర్ణభేరి చెక్కుచెదరకుండా ఉంటే బయటి నీటి చుక్క మధ్య చెవిలోకి పోదు. చీము ముక్కు వైపు నుంచి వచ్చింది. నీళ్ల వల్ల వచ్చే జబ్బు వేరే ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

డాక్టరు దగ్గర ఏం జరుగుతుందో గమనించండి. "అమ్మా, బాబుని ఒళ్లో పక్కకి కూర్చోబెట్టుకోండి. ఒక చెయ్యి వాడి తల మీద, ఇంకో చెయ్యి చేతుల మీద వెయ్యండి" అంటారు. చిన్న బిడ్డయితే చెవి డొప్పను కిందికీ వెనక్కీ లాగుతారు, పెద్దవాళ్లయితే పైకీ వెనక్కీ. లోపలి దారి వంపు తిరిగి ఉంటుంది కాబట్టి అలా లాగితేనే చూపు తిన్నగా వెళ్తుంది. ఆటోస్కోపు వెలుగులో ఆరోగ్యంగా ఉన్న కర్ణభేరి ముత్యపు బూడిద రంగులో, కాస్త పారదర్శకంగా కనిపిస్తుంది. సుత్తి ఎముక పిడి దాని మీద తెల్లటి గీతలా తేలి ఉంటుంది. దాని కింద వెలుగు పడి మెరిసే త్రికోణం ఒకటి కనిపిస్తుంది, కుడి చెవిలో గడియారం ఐదు చూపే వైపు, ఎడమ చెవిలో ఏడు చూపే వైపు. చీము పట్టిన చెవిలో ఆ త్రికోణం ఉండదు. పొర మసకబారి, ఎర్రగా, బయటికి ఉబ్బి ఉంటుంది. ఉబ్బు ముఖ్యం. బిడ్డ గట్టిగా ఏడ్చినా కర్ణభేరి ఎర్రబడుతుంది కాబట్టి ఎరుపును మాత్రమే చూసి మందు రాయకూడదు. ఈ నాలుగైదు సెకన్ల చూపు లేకుండా ఫోనులో చెప్పించుకున్న ఏ మందూ నమ్మకంగా పని చేస్తుందని చెప్పలేం.

వైద్యంలో మొదటి పని నొప్పి తగ్గించడం. బిడ్డ బరువును బట్టి పారాసెటమాల్ సరైన మోతాదులో ఇస్తే ఆ రాత్రి గడుస్తుంది. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. సిరప్ సీసాల్లో మందు చిక్కదనం రకరకాలుగా ఉంటుంది కాబట్టి చెంచా లెక్క కాకుండా లేబుల్ మీది మిల్లీగ్రాముల లెక్క చూడాలి. ఇంత సాదా మందును చిన్నచూపు చూసి యాంటీబయాటిక్ కోసం పట్టుబట్టే తల్లిదండ్రులు ఎక్కువ.

యాంటీబయాటిక్ సంగతి అంకెల్లోనే చూద్దాం. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష ప్రకారం 100 మంది పిల్లల్లో సుమారు 60 మందికి యాంటీబయాటిక్ వాడినా వాడకపోయినా 24 గంటల్లోనే నొప్పి తగ్గింది. మొదటి రోజు నొప్పి మీద మందు ప్రభావమేమీ కనబడలేదు. రెండు మూడు రోజుల నాటికి కాస్త తేడా వచ్చింది. 20 మందికి మందు ఇస్తే ఒక్కరికి అదనంగా మేలు జరిగింది. అదే మందు వల్ల 14 మందిలో ఒకరికి వాంతులో, విరేచనాలో, దద్దుర్లో వచ్చాయి. నెదర్లాండ్స్ కుటుంబ వైద్యులు 1990 నుంచే రెండు మూడు రోజులు నొప్పి మందుతో ఆగి చూసే పద్ధతి పాటిస్తున్నారు. ఇప్పుడు చాలా దేశాల మార్గదర్శకాలు అదే చెబుతున్నాయి.

ఆగి చూడటమంటే వదిలేయడం కాదు, ఇక్కడ తూకం తప్పకూడదు. ఆరు నెలలు నిండని బిడ్డకు, చెవి నుంచి చీము కారుతున్న బిడ్డకు, రెండేళ్లలోపు రెండు చెవులకూ సోకిన బిడ్డకు, జ్వరం 39 డిగ్రీలు దాటిన బిడ్డకు, నొప్పి రెండు రోజులకూ తగ్గని బిడ్డకు ఇక ఆగి చూడకుండా యాంటీబయాటిక్ అవసరం. సాధారణంగా అమాక్సిసిలిన్‌తో మొదలుపెడతారు. మొదలుపెట్టాక నొప్పి పోయిందని రెండో రోజే ఆపేయడం, మిగిలిన సీసాను ఫ్రిజ్‌లో దాచి వచ్చే నెల తమ్ముడికి పట్టడం మాత్రం చేయకూడదు. రెండు రోజులు ఆగమన్న డాక్టరు మూడో రోజు మళ్లీ చెవి చూడగలగాలి. వెళ్లి రావడానికే పూట కూలి పోయే ఊళ్లలో ఆ వీలు లేకపోతే, ఆగి చూసే పద్ధతి పుస్తకంలోనే మిగిలిపోతుంది. అలాంటి చోట డాక్టరు ముందే మందు రాసిచ్చి, తగ్గకపోతేనే వాడమని చెప్పడం నాకు సబబుగా తోస్తుంది.

కొందరు పిల్లల్లో చీము ఒత్తిడికి కర్ణభేరి చిట్లుతుంది. తెల్లవారేసరికి దిండు మీద పసుపు పచ్చటి మరక, ఒక్కోసారి కాస్త రక్తపు జీర. వింతేమిటంటే ఆ క్షణం నుంచి నొప్పి మాయమవుతుంది, బిడ్డ హాయిగా నిద్రపోతుంది. ఒత్తిడి తీరింది కాబట్టి. తల్లిదండ్రులు మరక చూసి హడలిపోతారు గానీ ఈ చిల్లు చాలామందిలో కొన్ని వారాల్లో పూడిపోతుంది. ఆ వారాల్లో చెవిలోకి నీళ్లు పోకూడదు, నూనె అసలే పోకూడదు. పూడిందో లేదో మళ్లీ చూపించుకోవాలి. నొప్పి పోయింది గదా అని ఈ రెండోసారి వెళ్లడం మానేయడమే తర్వాత పుట్టుకొచ్చే కష్టాలకు మొదలు.

ఎందుకంటే చీము పోయాక కూడా మధ్య చెవిలో జిగురు నీరు నిలిచిపోవచ్చు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. వినికిడి మాత్రం మందగిస్తుంది. టీవీ సౌండు పెంచుతాడు, వెనక నుంచి పిలిస్తే పలకడు, బడిలో పరాగ్గా ఉంటాడని టీచరు ఫిర్యాదు చేస్తుంది. మొండివాడని దెబ్బలు తిన్న పిల్లల్లో వినపడని పిల్లలు ఎంతమంది ఉంటారో! పదిమందిలో తొమ్మిది మందికి మూడు నెలల్లో ఆ నీరు ఇంకిపోతుంది. ఇంకకపోతే వినికిడి పరీక్ష చేసి, కర్ణభేరిలో గ్రోమెట్ అనే బుల్లి గొట్టం పెట్టి గాలి ఆడేలా చేస్తారు. అమెరికా వైద్యుడు ఆర్మ్‌స్ట్రాంగ్ 1954లో ప్లాస్టిక్ గొట్టంతో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ముక్కు వెనక అడినాయిడ్లు పెరిగి నాళానికి అడ్డుపడుతుంటే వాటినీ తీస్తారు. నోరు తెరుచుకుని నిద్రపోయే, గురక పెట్టే పిల్లల్లో డాక్టరు ముందు వెతికేది వాటినే.

అసలు రాకుండా చూసుకోవడం మన చేతుల్లో చాలావరకు ఉంది. తల్లిపాలు తాగే బిడ్డకు చెవిపోట్లు తక్కువ. వెల్లకిలా పడుకోబెట్టి సీసా నోట్లో పెడితే పాలు నాళం వైపు పోతాయి, తల ఎత్తి పట్టాలి. ఇంట్లో సిగరెట్, బీడీ పొగ ఉంటే ఎక్కువ. న్యూమోకాకస్ టీకా మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో దేశమంతటికీ వచ్చింది. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెలలో ఉచితంగా వేస్తారు. న్యుమోనియా కోసం తెచ్చిన టీకానే అయినా చెవులనూ కొంత కాపాడుతుంది.

ఇక పెద్దవాళ్ల చెవిపోటు. ఇది చాలాసార్లు కర్ణభేరికి ఇవతలే, బయటి దారిలోనే వస్తుంది. తేడా పట్టడానికి సులువైన ఉపాయం ఒకటుంది. చెవి డొప్ప పట్టుకుని మెల్లగా లాగండి, లేదా రంధ్రం ముందు బుడిపెలా ఉండే మృదులాస్థిని నొక్కండి. కెవ్వున అరిచేంత నొప్పి వస్తే జబ్బు బయటి దారిలో ఉన్నట్టే. మధ్య చెవి నొప్పి లాగినంత మాత్రాన పెరగదు. బయటి దారిలో వచ్చేదే నీళ్ల జబ్బు. వేసవి సెలవుల్లో వ్యవసాయ బావుల్లో, చెరువుల్లో, ఈత కొలనుల్లో గంటల తరబడి మునిగిన పిల్లలకు, కోస్తా ఉక్కపోతలో రోజంతా హెల్మెట్‌తోనో ఇయర్‌ఫోన్‌లతోనో ఉండే కుర్రాళ్లకు ఇది తరచు కనిపిస్తుంది. తడికి చర్మం నాని పొర ఊడుతుంది, అక్కడ సూడోమోనాస్, స్టెఫైలోకాకస్ బాక్టీరియా స్థిరపడతాయి.

కానీ నీళ్లకంటే పెద్ద దోషి మన చేతిలోనే ఉంటుంది. ఇయర్‌బడ్, పిన్నీసు, హెయిర్‌పిన్, అగ్గిపుల్ల, బండి తాళం చెవి, ఏది దొరికితే అది. చెవికి తనను తాను శుభ్రం చేసుకునే ఏర్పాటు ఉంది. కర్ణభేరి మధ్యలో పుట్టిన చర్మ కణాలు రోజుకు మిల్లీమీటరులో పదో వంతు చొప్పున అంచుకు, అక్కడి నుంచి గోడ వెంట బయటికి నడుస్తాయి. గులిమిని, దుమ్మును మోసుకుని వస్తాయి. గులిమి ఊరే గ్రంథులు బయటి మూడో వంతు దారిలోనే ఉంటాయి. అందుకని లోపల కర్ణభేరి దగ్గర గులిమి గడ్డకట్టి ఉందంటే చాలాసార్లు బడ్డుతో ఎవరో దాన్ని అక్కడికి నెట్టారన్న మాట. లోపలి మూడింట రెండు వంతుల దారిలో ఎముక మీద చర్మం మరీ పలుచన, గీసుకుంటే వెంటనే పుండవుతుంది. గులిమి మురికి కాదు, కాస్త ఆమ్లగుణంతో సూక్ష్మజీవులను ఆపే పూత. ఉంటే ఉండనివ్వాలి. వినికిడికి అడ్డొస్తేనో, దిబ్బడ వేస్తేనో తీయించుకోవాలి. చార్మినార్ దగ్గరో, తిరునాళ్లలోనో సన్నటి పుల్లతో గులిమి తీసేవాళ్ల ముందు చెవి ఒగ్గి కూర్చుంటారు గానీ ఆ పుల్ల ఎన్ని చెవుల్లో తిరిగి వచ్చిందో ఆలోచించరు.

దురద ఎక్కువై, నొప్పి తక్కువై, చెవి మూసుకుపోయినట్టు ఉంటే ఫంగస్‌ను అనుమానించాలి. మన వాతావరణంలో, ముఖ్యంగా వానాకాలంలో చాలా మామూలు. డాక్టర్లు లోపల చూసినదాన్ని తడిసిన న్యూస్‌పేపర్ ముద్ద అని వర్ణిస్తారు. బూడిద తెలుపు పొర, దాని మీద నల్ల చుక్కలు. ఆ చుక్కలు ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే బూజు విత్తనాలు. దీనికి శుభ్రం చేసి ఫంగస్ మందు వేయాలి. మెడికల్ షాపులో కొన్న యాంటీబయాటిక్ చుక్కలు వేస్తూ పోతే ఫంగస్‌కు పోటీగా ఉన్న బాక్టీరియా చచ్చి అది ఇంకా విజృంభిస్తుంది. చెవిలో రోజూ నూనె వేసుకునే అలవాటు ఉన్నవాళ్లకు మళ్లీ మళ్లీ వస్తుంది.

నూనె గురించి ఇంకో మాట. చంటిబిడ్డకు తలంటు పోసేటప్పుడు చెవిలో నూనె చుక్క వేసి ఊదడం మనకు తరాల నుంచి ఉంది. ప్రేమతో చేసే పనే. కానీ కర్ణభేరికి చిల్లు ఉందో లేదో బయట నుంచి తెలియదు. వెల్లుల్లి వేసి కాచిన నూనె చేతికి గోరువెచ్చగా అనిపించినా లోపలి చర్మాన్ని కాల్చవచ్చు. ఆ తర్వాత డాక్టరుకు నూనె తప్ప ఏమీ కనబడదు. నూనె నిజంగా పనికొచ్చే సందర్భం ఒకటుంది. బతికున్న పురుగు చెవిలో దూరి కొట్టుకుంటుంటే, చిల్లు లేదని తెలిసిన చెవిలో కాస్త కొబ్బరి నూనె పోస్తే అది చస్తుంది, తర్వాత డాక్టరు తీస్తారు. శనగ గింజో, బటాణీయో అయితే నీళ్లు పోయకూడదు, ఉబ్బుతుంది. గడియారం బ్యాటరీ అయితే ఏ చుక్కా వేయకుండా గంటల్లో ఆసుపత్రికి చేరాలి, అది చర్మాన్ని రసాయనంతో కాలుస్తుంది.

బయటి దారి జబ్బుకు మాత్రల కంటే చుక్కల మందే మేలు, మాత్రతో చేరలేనంత గాఢతలో మందు నేరుగా పుండు మీద పడుతుంది. అయితే దారి శుభ్రంగా ఉంటేనే చేరుతుంది. మరీ వాచిపోతే డాక్టరు సన్నటి వత్తి పెట్టి దాని ద్వారా మందు వేయిస్తారు. వేసేముందు సీసాను రెండు మూడు నిమిషాలు గుప్పిట్లో పట్టుకుని ఒంటి వేడికి తేవాలి. చల్లటి చుక్కలు పడితే కళ్లు తిరిగి గది గిర్రున తిరిగినట్టు అవుతుంది. ఆస్ట్రియా వైద్యుడు రాబర్ట్ బరానీ వియన్నాలో రోగుల చెవులు కడుగుతూ ఇదే గమనించాడు. చల్లటి నీళ్లయితే కళ్లు ఒక వైపు అదురుతున్నాయి, వేడి నీళ్లయితే రెండో వైపు. లోపలి చెవిలోని ద్రవం వేడికి పైకీ చల్లదనానికి కిందికీ కదిలి, తల తిరుగుతోందని మెదడుకు తప్పుడు కబురు పంపుతోందని ఆయన తేల్చాడు. 1914 నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది, ఆ కబురు అందేనాటికి రష్యా సైన్యం చేతిలో యుద్ధఖైదీగా ఉన్నాడు. చుక్కలు వేశాక ఆ చెవి పైకి ఉండేలా ఐదు నిమిషాలు పక్కకు పడుకుని, రంధ్రం ముందు బుడిపెను నాలుగైదుసార్లు నొక్కితే మందు లోపలికి దిగుతుంది. షాపులో దొరికే కొన్ని చుక్కల్లో నియోమైసిన్, జెంటామైసిన్ ఉంటాయి. కర్ణభేరికి చిల్లుంటే అవి లోపలి చెవికి చేరి వినికిడిని శాశ్వతంగా దెబ్బతీయగలవు. పోయినసారి వాడిన సీసా ఉంది కదా అని వేయకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

మధుమేహం ఉన్న పెద్దవయసు వాళ్ల సంగతి వేరు. బయటి దారి జబ్బు వాళ్లలో చర్మం దగ్గర ఆగకుండా పుర్రె అడుగు ఎముకలోకి పాకవచ్చు. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని లోతైన నొప్పి, వారాలు గడిచినా ఆగని స్రావం దాని గుర్తులు. 1968లో అమెరికా వైద్యుడు ఛాండ్లర్ దీన్ని ప్రాణాంతక జబ్బుగా వర్ణించాడు. ముఖ నరం దెబ్బతిని మూతి వంకర పోవచ్చు. ఆరు వారాలు, అంతకంటే ఎక్కువ రోజులు కూడా మందులు వాడాల్సి వస్తుంది. చక్కెర జబ్బు ఇంటింటికీ చేరిన మన ఊళ్లలో, "నాన్నగారికి చెవిపోటు, ఏదో చుక్కల మందు వేశాం" అని వారాలు గడపకూడదు.

ఇప్పుడు నొప్పి లేని చెవి దగ్గరికి వద్దాం. వారాలు, నెలలు, ఏళ్లు చెవి కారుతూనే ఉంటుంది. జలుబు చేసినప్పుడు కారుతుంది, వేసవిలో ఆరుతుంది. దూది పెట్టుకుని బడికి పోతారు, పెళ్లి చూపుల నాడు దూది తీసి దాచుకుంటారు. "చిన్నప్పటి నుంచీ అంతేనండీ, నొప్పేమీ లేదు" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004 నివేదికలో ఇలా చెవి కారేవాళ్లు ప్రపంచంలో 6.5 కోట్ల నుంచి 33 కోట్ల వరకు ఉంటారని, వాళ్లలో 60 శాతం మందికి వినికిడి తగ్గుతుందని లెక్కగట్టారు. జనాభాలో 4 శాతానికి పైగా ఉన్న దేశాల జాబితాలో భారత్ ఉంది.

కారే చెవుల్లో రెండు రకాలు. కర్ణభేరి మధ్యలో చిల్లు ఉండి, పలుచటి జిగురు వచ్చేది కాస్త నయం. రెండోది తక్కువగా కారుతుంది, కానీ దుర్వాసన వేస్తుంది. దాన్ని కొలెస్టియటోమా అంటారు. కర్ణభేరి పై మూల లోపలికి గుంజుకుపోయి సంచిలా మారి, అందులో చర్మపు పొట్టు పోగవుతూ పెరుగుతుంది. కేన్సర్ కాదు. కానీ అది పెరిగే చోట ఎముక కరుగుతుంది. ముందు మూడు బుల్లి ఎముకలు పోతాయి, తర్వాత ముఖ నరం మీది ఎముక, ఆ తర్వాత మెదడుకు చెవికి మధ్య ఉన్న పలుచటి కప్పు. ఇదంతా నొప్పి లేకుండానే జరగొచ్చు. కారే చెవి ఉన్న మనిషికి ఎప్పుడైనా తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం, మూతి వంకర, తల తిరుగుడు, చెవి వెనక వాపు, వీటిలో ఏది వచ్చినా అది ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సిన పరిస్థితి.

రచయిత ఆస్కార్ వైల్డ్ చివరి రోజులు ఇందుకు ఉదాహరణ. 1900 అక్టోబరులో పారిస్‌లో హోటల్ గదిలోనే ఆయన చెవికి ఆపరేషన్ జరిగింది. నవంబరు 30న 46 ఏళ్ల వయసులో చనిపోయాడు. కుడి చెవిలో పాత చీము వల్ల మెదడు పొరలకు వాపు వచ్చిందని చూసిన డాక్టర్లు రాశారు. ఆయన తండ్రి విలియం వైల్డ్ డబ్లిన్‌లో ఆ కాలపు ప్రఖ్యాత చెవి వైద్యుడు. 1853లో చెవి శస్త్రవైద్యం మీద పేరుమోసిన పుస్తకం రాశాడు, చెవి వెనక చీము తీసే ఒక కోతకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది. అంతటి తండ్రి ఉన్నా ఆ రోజుల్లో మందు లేదు, సూక్ష్మదర్శిని కింద చేసే శస్త్రచికిత్స లేదు.

ఇప్పుడు రెండూ ఉన్నాయి. 1950ల మొదట్లో జర్మనీలో వుల్‌స్టైన్, జొల్నర్ కర్ణభేరిని తిరిగి నిర్మించే పద్ధతిని నిలబెట్టారు. చెవి పైన కణత కండరం మీది పలుచటి పొరను కొద్దిగా తీసి చిల్లు మీద పరుస్తారు, అది అక్కడే అతుక్కుని కొత్త పొరగా మారుతుంది. ఎముకలు పోయి ఉంటే వాటినీ సరిచేస్తారు. కొలెస్టియటోమా ఉంటే చెవి వెనక ఎముకను తొలిచి దాన్ని పూర్తిగా తీసేయాలి, మందులతో పోదు. హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రి, విశాఖపట్నంలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఈ వైద్యం కోసమే ఉన్నాయి. చెవుడు నివారణకు జాతీయ కార్యక్రమం 2007లోనే మొదలైంది. బడిలో పిల్లల కళ్లు చూసినంత శ్రద్ధగా చెవులు కూడా చూడటం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. దూది పెట్టుకుని వచ్చిన పిల్లవాడిని టీచరు గుర్తుపట్టి పంపితే చాలు, సగం పని అయిపోతుంది.

చెవి నిక్షేపంగా ఉన్నా చెవిపోటు రావచ్చు. చెవికి స్పర్శ నాడులు ఒక్క చోటి నుంచి రావు. మెదడు నుంచి వచ్చే నాలుగు కపాల నాడుల కొమ్మలు, మెడ నుంచి వచ్చే రెండు నాడులు అక్కడ కలుస్తాయి. అవే నాడులు పళ్లకు, దవడ కీలుకు, టాన్సిల్స్‌కు, నాలుక మొదలుకు, స్వరపేటికకు కూడా వెళ్తాయి. కొందరికి చెవిలో పుల్ల పెట్టగానే దగ్గు రావడం దీనివల్లే, గొంతుకు వెళ్లే నాడి కొమ్మ ఒకటి చెవి దారిలో ఉంది. ఎక్కడి నుంచి కబురొచ్చిందో మెదడు పొరబడుతుంది. టాన్సిల్స్ తీయించుకున్న పిల్లలు నాలుగో రోజో ఐదో రోజో చెవులు నొప్పంటారు, చెవులకు ఏమీ కాదు. కింది జ్ఞానదంతం పుచ్చినా, నిద్రలో పళ్లు కొరికినా చెవిలోనే పోటు.

వీటిలో ఒకదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ అలవాటున్న నలభై దాటిన మనిషికి ఒకే వైపు చెవిపోటు రెండు మూడు వారాలు తగ్గకుండా ఉండి, చెవిలో చూస్తే ఏమీ లేకపోతే, నాలుక మొదట్లోనో, టాన్సిల్ దగ్గరో, గొంతు కిందో కేన్సర్ ఉండొచ్చు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను వెలిగిన కొన లోపలికి పెట్టి పీల్చే అడ్డపొగ అలవాటు ఉన్న ఆడవాళ్లలో అంగిటి కేన్సర్లు ఎక్కువని దశాబ్దాలుగా తెలుసు. వాళ్లకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. మింగేటప్పుడు గుచ్చుకోవడం, గొంతు బొంగురు, మెడలో గడ్డ తోడైతే ఇక ఒక్క రోజు కూడా ఆగకూడదు. చెవి చూపించుకోవడానికి వెళ్తే డాక్టరు నోరు తెరవమని, నాలుక కింద వేలితో తడిమి, మెడ నొక్కి చూసి, ముక్కులోంచి సన్నటి గొట్టం దించి గొంతు చూస్తానంటే ఒప్పుకోండి. మత్తు స్ప్రే కొట్టి చేసే ఆ పరీక్ష కొన్ని నిమిషాల్లో అయిపోతుంది.